వరిగడ్డిపై శిలీంధ్రాల పని: ఎంజైమ్ జన్యువుల ప్రేరణ, నిగ్రహం

ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో శ్రీరాంసాగర్, మధ్య మానేరు వంటి జలాశయాల నీటి ఆసరాతో వరి రెండు కాలాలలోనూ విస్తారంగా సాగవుతున్నది. వానాకాలం కోతకు, యాసంగి నాట్లకు మధ్య లభించే వ్యవధి స్వల్పం. కోత యంత్రం వదలిన గడ్డి, కొయ్యకాళ్లు ఆ వ్యవధిలో కుళ్లకపోతే దమ్ము చేయడం కష్టమవుతుంది. అందువల్ల కొందరు రైతులు గడ్డికి నిప్పు పెడుతున్నారు. దీనికి ప్రత్యామ్నాయంగా శిలీంధ్రాలతో తయారైన గడ్డిని కుళ్లబెట్టే ద్రావణాలను విస్తరణ సిబ్బంది సూచిస్తున్నారు.

ఈ ద్రావణాల ఫలితాలు అన్ని పొలాలలోనూ ఒకే విధంగా ఉండవు. ఒక మడిలో గడ్డి మెత్తబడుతుంది. పక్క మడిలో అదే ద్రావణం చల్లినా గడ్డి గట్టిగానే మిగిలిపోతుంది. అటువంటప్పుడు సాధారణంగా మందు నాణ్యతను గాని, సిద్ధబీజాల సంఖ్యను గాని అనుమానించడం జరుగుతుంది. ఆ అనుమానం కొన్నిసార్లు నిజమే కావచ్చు. కాని శిలీంధ్రం సజీవంగా, తగినంత సంఖ్యలో ఉన్నంత మాత్రాన గడ్డిని కరిగించే ఎంజైములు విడుదల కావు. వాటికి సంబంధించిన జన్యువులు పనిచేయాలా వద్దా అన్నది శిలీంధ్రం చుట్టూ ఉన్న చక్కెరలు, నత్రజని, ఆమ్లత్వం, వెలుతురు నిర్ణయిస్తాయి. ఈ నియంత్రణ ఏ విధంగా జరుగుతుందో, దానికి పొలంలోని వరిగడ్డితోను, మొక్కజొన్న కాండం కుళ్లుతోను, పశువు కడుపులోని జీర్ణక్రియతోను, సిరిసిల్ల మగ్గాలపై నూలుతోను గల సంబంధం ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కణకవచం: ఒక ఎంజైముకు లొంగని నిర్మాణం

వరిగడ్డిలో ప్రధాన భాగం కణకవచాలే. వాటిలో సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అనే మూడు పదార్థాలు పెనవేసుకొని ఉంటాయి. వరిగడ్డిలో వీటికి తోడు సిలికా కూడా అధికంగా ఉంటుంది. సెల్యులోజ్ అనేది గ్లూకోజ్ అణువులు బీటా-1,4 బంధాలతో వరుసగా కూడిన పొడవైన గొలుసు. ఇటువంటి గొలుసులు పక్కపక్కనే సర్దుకొని నీటికి కూడా చోటివ్వని స్ఫటిక నారలుగా ఏర్పడతాయి. హెమిసెల్యులోజ్‌లో, ముఖ్యంగా గడ్డిజాతి మొక్కలలో, జైలాన్ ప్రధానం. లిగ్నిన్ ఈ రెండింటినీ పూతవలె కప్పి ఉంచుతుంది.

ఇంతటి నిర్మాణాన్ని ఒక్క ఎంజైము విడగొట్టజాలదు. ఎండోగ్లూకనేజ్ సెల్యులోజ్ గొలుసును మధ్యలో తెంచుతుంది. సెల్లోబయోహైడ్రోలేజ్ తెగిన కొసలనుండి రెండేసి గ్లూకోజ్ అణువుల జంటలను, అనగా సెల్లోబయోస్‌ను, వేరుచేస్తుంది. బీటా-గ్లూకోసిడేజ్ ఆ జంటలను గ్లూకోజ్‌గా విడదీస్తుంది. జైలనేజులు జైలాన్‌పై పనిచేస్తాయి. రాగి లోహాన్ని కలిగి, ఆక్సీకరణ చర్యతో స్ఫటిక నారలను చీల్చే మరొక ఎంజైమ్ వర్గం ఉన్నట్లు 2010 తరువాతి పరిశోధనలు స్పష్టం చేశాయి. వీటన్నింటినీ శిలీంధ్రం తన కణాలలో తయారుచేసి బయటకు స్రవించాలి. ప్రోటీను తయారీకి నత్రజని, శక్తి ఖర్చవుతాయి. పైగా బయటకు పంపిన ఎంజైమ్ విడగొట్టిన చక్కెరను పక్కనున్న బాక్టీరియా కూడా తినివేయవచ్చు. కనుక అవసరం లేనప్పుడు ఈ జన్యువులను నిద్రాణంగా ఉంచడం శిలీంధ్రం మనుగడకు తప్పనిసరి.

నూలుగుడ్డను తిన్న శిలీంధ్రం

ఈ నియంత్రణను గురించిన జ్ఞానంలో అధికభాగం ట్రైకోడెర్మా రీసై అనే శిలీంధ్రం నుండి లభించింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ మహాసముద్రంలోని సాలమన్ దీవులలో అమెరికా సైన్యపు నూలు గుడారాలు, దుస్తులు వేగంగా చివికిపోయాయి. కారణం వెదికిన సైనిక ప్రయోగశాల శాస్త్రవేత్తలు అటువంటి గుడ్డనుండి క్యూఎం6ఎ అనే శిలీంధ్ర రకాన్ని వేరుచేశారు. దీనిని మొదట ట్రైకోడెర్మా విరిడి అని భావించారు. దానిపై దీర్ఘకాలం కృషి చేసిన ఎల్విన్ రీస్ పేరిట 1977లో ట్రైకోడెర్మా రీసై అని నామకరణం చేశారు. రీస్‌తో కలిసి పనిచేసిన మేరీ మాండెల్స్ ఈ శిలీంధ్రపు సెల్యులేజ్ ఉత్పత్తిపై మౌలిక పరిశోధనలు చేశారు.

పత్తినూలు దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజ్. అందువల్ల తేమ తగిలిన నూలుగుడ్డ ఈ శిలీంధ్రానికి ఆహారం. పాలిస్టర్ దారంలో సెల్యులోజ్ లేదు గనుక అదే శిలీంధ్రం దానిని ఏమీ చేయజాలదు. సిరిసిల్ల మరమగ్గాలపై నూలు, పాలిస్టర్ వస్త్రాలు రెండూ నేస్తారు గనుక ఈ తేడాను అక్కడి వ్యవసాయ కళాశాల విద్యార్థులు సులువుగా పరీక్షించి చూడవచ్చు.

2008లో ట్రైకోడెర్మా రీసై జన్యుపటం వెలువడినప్పుడు ఒక విశేషం బయటపడింది. సుమారు 9,100 జన్యువులు గల ఈ శిలీంధ్రంలో సెల్యులేజ్, హెమిసెల్యులేజ్ జన్యువుల సంఖ్య దాని వంటి ఇతర శిలీంధ్రాల కంటె తక్కువగానే ఉన్నది. అయినప్పటికీ పారిశ్రామిక రకాలు లీటరు ద్రావణానికి 100 గ్రాముల వరకు ప్రోటీనును స్రవించగలవని నివేదికలున్నాయి. అందులో సగానికి పైగా ఒకే ఒక్క సెల్లోబయోహైడ్రోలేజ్. అనగా ఈ శిలీంధ్రపు బలం జన్యువుల సంఖ్యలో లేదు. ఉన్న జన్యువులను ఎంత ఉద్ధృతంగా పనిచేయించగలదన్న దానిలో ఉన్నది.

కనబడని ఆహారాన్ని గుర్తించడం

సెల్యులోజ్ నీటిలో కరగదు; కణత్వచం దాటి లోనికి ప్రవేశించదు. మరి తన ఎదుట సెల్యులోజ్ ఉన్నదని శిలీంధ్రానికి తెలిసేది ఎట్లా? ఎంజైమ్ ఉంటేనే సెల్యులోజ్ కరుగుతుంది. సెల్యులోజ్ కరిగితేనే సంకేతం అందుతుంది. సంకేతం అందితేనే ఎంజైమ్ తయారవుతుంది. ఈ చిక్కుముడికి శిలీంధ్రం కనుగొన్న పరిష్కారం సరళమైనది. జన్యువులు నిద్రాణంగా ఉన్నప్పుడు కూడా అతి స్వల్ప పరిమాణంలో కొన్ని ఎంజైములు తయారవుతూ సిద్ధబీజాల ఉపరితలంపైన, తంతువులపైన ఉంటాయి. ఇవి సెల్యులోజ్‌ను తాకినప్పుడు కొద్దిగా సెల్లోబయోస్, మరికొన్ని చిన్న గొలుసులు విడుదలవుతాయి. ఇవే తొలి సంకేతాలు.

ట్రైకోడెర్మా రీసైలో అత్యంత శక్తిమంతమైన ప్రేరకం సోఫొరోస్ అని మాండెల్స్, ప్యారిష్, రీస్ 1962లో తెలియజేశారు. ఇది కూడా రెండు గ్లూకోజ్ అణువుల జంటయే. అయితే బంధం బీటా-1,2 రకానికి చెందినది. బీటా-గ్లూకోసిడేజ్ ఎంజైమ్ సెల్లోబయోస్‌ను విడగొట్టడంతోపాటు కొంత భాగంలో బంధం స్థానాన్ని మార్చి సోఫొరోస్‌ను తయారుచేస్తుందని భావిస్తున్నారు. ఈ విధంగా ఒకే ఎంజైమ్ ఒకవైపు ఆహారాన్ని అందిస్తూ, మరొకవైపు సంకేతాన్ని తయారుచేస్తున్నది.

సంకేత చక్కెరలు లోనికి చేరడానికి ప్రత్యేక రవాణా ప్రోటీనులు ఉంటాయి. న్యూరోస్పోరా క్రాసా అనే శిలీంధ్రంలో సెల్లోబయోస్‌ను, దానికంటె కొంచెం పొడవైన గొలుసులను లోనికి చేరవేసే రెండు రవాణా ప్రోటీనులను 2010లో గుర్తించారు. అనంతర పరిశోధనలలో ఈ ప్రోటీనులు చక్కెరను మోయడమే గాక సంకేతాన్ని అందించడంలోనూ పాత్ర వహిస్తాయని తేలింది.

జన్యువులను మేల్కొలిపే ప్రోటీనులు

సంకేతం కణంలోనికి చేరిన పిదప అనులేఖన కారకాలు అనే ప్రోటీనులు క్రియాశీలమవుతాయి. ఇవి ఎంజైమ్ జన్యువుకు ముందున్న ప్రమోటర్ భాగంలోని నిర్దిష్ట డిఎన్ఎ వరుసను పట్టుకొని, సందేశ ఆర్ఎన్ఎ తయారీని ప్రారంభింపజేస్తాయి. ఆస్పర్‌జిల్లస్ నైగర్‌లో ఎక్స్‌ఎల్ఎన్ఆర్ అనే ఉత్తేజక ప్రోటీనును 1998లో గుర్తించారు. దానికి సమానమైన ఎక్స్‌వైఆర్-1 ప్రోటీను ట్రైకోడెర్మా రీసైలో ఉన్నది. దీని జన్యువును తొలగించిన రకంలో సెల్యులేజ్ ఉత్పత్తి ఆగిపోతుందని 2006లో నిరూపించారు. అనగా ట్రైకోడెర్మాకు సెల్యులోజ్, జైలాన్ ఎంజైములు రెండింటికీ ఈ ప్రోటీనే ప్రధాన స్విచ్.

అన్ని శిలీంధ్రాలలోనూ ఈ అమరిక ఒకేలా లేదు. న్యూరోస్పోరాలో సెల్యులోజ్ కొరకు సిఎల్ఆర్-1, సిఎల్ఆర్-2 అనే రెండు వేరే ఉత్తేజకాలు పనిచేస్తాయని 2012లో తెలిసింది. అక్కడ ఎక్స్‌వైఆర్-1కు సమానమైన ప్రోటీను ముఖ్యంగా జైలాన్ ఎంజైములను చూసుకుంటుంది. కనుక ఒక శిలీంధ్రంపై లభించిన ఫలితాన్ని మరొకదానికి యథాతథంగా వర్తింపజేయరాదు. సెల్యులోజ్ ఎంజైములకు, పిండిపదార్థ ఎంజైములకు కూడా వేర్వేరు స్విచ్‌లు ఉన్నాయి. ఆస్పర్‌జిల్లస్‌లో అమైలేజ్ జన్యువులను ఎఎమ్‌వైఆర్ అనే మరొక ఉత్తేజక ప్రోటీను నడుపుతుంది. మగ్గానికి ఎక్కించే ముందు నూలు పడుగుకు గంజి పట్టించి, నిల్వలో తేమ తగిలితే, శిలీంధ్రానికి ముందుగా అందేది గంజిలోని పిండిపదార్థమే. గంజి కరిగి అందించే చక్కెరలు ఉన్నంతకాలం నూలులోని సెల్యులోజ్‌పై దాడి మందగించడానికి అవకాశం ఉన్నది. దీనికి కారణం తరువాతి భాగంలో చెప్పబోయే నిగ్రహం.

చక్కెర వేసే తాళం

గ్లూకోజ్ వంటి సులభ చక్కెర చేతికి అందుతున్నప్పుడు కష్టపడి సెల్యులోజ్‌ను విడగొట్టవలసిన అవసరం లేదు. అటువంటి స్థితిలో శిలీంధ్రం ఎంజైమ్ జన్యువులను మూసివేస్తుంది. దీనిని కర్బన నిగ్రహం అంటారు. ట్రైకోడెర్మాలో సిఆర్ఇ-1, ఆస్పర్‌జిల్లస్‌లో క్రియా-ఎ అనే నిగ్రహ ప్రోటీనులు ఈ పని చేస్తాయి. ఇవి ఎంజైమ్ జన్యువుల ప్రమోటర్లపై కూర్చొని అనులేఖనాన్ని అడ్డుకుంటాయి. ఎక్స్‌వైఆర్-1 జన్యువును కూడా సిఆర్ఇ-1 అణచివేస్తుంది. అందువల్ల నిగ్రహం రెండు స్థాయిలలో అమలవుతుంది: పనిచేసే ఎంజైమ్ జన్యువు స్థాయిలోను, దానిని మేల్కొలిపే స్విచ్ స్థాయిలోను.

దీనికి చక్కని నిదర్శనం పారిశ్రామిక రకాలలో ఉన్నది. అమెరికాలోని రట్‌గర్స్ విశ్వవిద్యాలయంలో క్యూఎం6ఎను ఉత్పరివర్తనాలకు గురిచేసి, గ్లూకోజ్ ఉన్నా సెల్యులేజ్ ఆపని రకాలను ఎంపిక చేశారు. ఆ విధంగా 1979లో వెలువడినది రట్-సి30. అది ఎందుకు అట్లా ప్రవర్తిస్తున్నదో అప్పటికి తెలియదు. 1996లో దాని సిఆర్ఇ-1 జన్యువు మధ్యలో తెగిపోయి ఉన్నట్లు కనుగొన్నారు. తాళం చెడిపోవడమే దాని అధిక ఉత్పత్తికి ఒక ముఖ్య కారణమని ఆ విధంగా రుజువైంది. సహజ రకాలలో ఆ తాళం చెక్కుచెదరకుండా ఉంటుంది. రైతు పొలంలో చల్లే శిలీంధ్రాలు సాధారణంగా సహజ రకాలే.

చక్కెర ఖాళీ అయినప్పుడు తాళం ఊడుతుంది. ఈస్ట్‌లో ఎస్ఎన్ఎఫ్-1 అనే ఎంజైమ్ నిగ్రహ ప్రోటీనుకు ఫాస్ఫేటును జతచేసి దానిని ప్రమోటర్ నుండి తొలగిస్తుంది. తంతు శిలీంధ్రాలలో కూడా ఈ ఎంజైమ్ ఉన్నది. వాటిలో దాని పని వివరాలు ఈస్ట్‌తో పూర్తిగా ఏకీభవించకపోయినా, కణకవచాన్ని కరిగించే జన్యువుల విడుదలకు అది అవసరమని అనేక సందర్భాలలో తేలింది.

చక్కెరకు తోడైన ఇతర సంకేతాలు

చక్కెర ఒక్కటే నిర్ణాయకం కాదు. పరిసరాల ఉదజని సూచికను పిఎసి-సి అనే ప్రోటీను ద్వారా శిలీంధ్రం గుర్తించి, ఆ ఆమ్లత్వంలో పనిచేయగల ఎంజైములనే ఎంపిక చేస్తుంది. ట్రైకోడెర్మా రీసైలో వెలుతురును గుర్తించే ప్రోటీనులు కూడా సెల్యులేజ్ జన్యువులను ప్రభావితం చేస్తాయి. అందువల్ల వెలుతురులో ఉంచిన పలకను, చీకటిలో ఉంచిన పలకను ఒకటిగా పోల్చడం ప్రయోగశాలలో పొరపాటు అవుతుంది.

లిగ్నిన్ విషయంలో నత్రజని పాత్ర ప్రత్యేకమైనది. తెల్లకుళ్లు కలిగించే ఫనెరోకీటె క్రైసోస్పోరియం నత్రజని కొరత ఏర్పడిన తరువాతనే లిగ్నిన్‌ను విడగొట్టడం ప్రారంభిస్తుందని 1978లో తెలిసింది. దాని మాంగనీస్ పెరాక్సిడేజ్ జన్యువులకు మాంగనీస్ అవసరం. అనేక శిలీంధ్రాలలో లాకేజ్ జన్యువులను రాగి ప్రేరేపిస్తుంది. అయితే ముత్యపుచిప్ప పుట్టగొడుగు జాతి వంటి కొన్ని తెల్లకుళ్లు శిలీంధ్రాలు నత్రజనికి అంతగా లొంగవు. ట్రైకోడెర్మా లిగ్నిన్‌ను చెప్పుకోదగినంతగా విడగొట్టజాలదు. కనుక ట్రైకోడెర్మా ఒక్కటే ఉన్న ద్రావణం నుండి లిగ్నిన్ కరగడాన్ని ఆశించడం సమంజసం కాదు.

పొలంలో బెల్లం, యూరియా

గడ్డిని కుళ్లబెట్టే ద్రావణాల తయారీలో బెల్లం వాడకం పరిపాటి. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించి, 2020 నుండి ఢిల్లీ ప్రాంతంలో విస్తృతంగా వాడకంలోకి వచ్చిన పూసా డీకంపోజర్ క్యాప్సూళ్లను కూడా బెల్లం, శనగపిండి కలిపిన నీటిలో పెంచి పొలంలో పిచికారీ చేస్తారు. పైన చెప్పిన నియంత్రణ దృష్ట్యా చూస్తే ఇక్కడ ఒక వైరుధ్యం కనిపిస్తుంది. బెల్లంలోని చక్కెర ఎంజైమ్ జన్యువులను అణచివేయదా?

సమాధానం దశలలో ఉన్నది. పెంచే పాత్రలో శిలీంధ్రం చేయవలసింది వృద్ధి చెందడం, ఎంజైమ్ తయారుచేయడం కాదు. బెల్లం చక్కెర, శనగపిండి నత్రజని ఆ దశకు సరిపోతాయి. ఆ ద్రావణాన్ని అధిక నీటితో పలుచన చేసి గడ్డిపై చల్లినప్పుడు మిగిలిన చక్కెర గాఢత తగ్గిపోతుంది. శిలీంధ్రంతో పాటు నేలలోని ఇతర సూక్ష్మజీవులు దానిని త్వరగా వాడుకుంటాయి. ఆ తరువాత గడ్డి తప్ప మరొక ఆహారం లేని స్థితిలో తాళం ఊడి, తొలి సంకేతాలు అంది ఎంజైములు వెలువడతాయి. కాబట్టి పెంచే దశలో బెల్లం మేలు చేస్తుంది; పిచికారీ దశలో అదనంగా కలిపే బెల్లం ఎంజైముల విడుదలను వాయిదా వేస్తుంది. "ఇంకొంచెం బెల్లం వేస్తే ఇంకా బాగా కుళ్లుతుంది" అన్న నమ్మకాన్ని విస్తరణ సిబ్బంది ఈ కారణంతో సరిదిద్దవచ్చు.

యూరియా విషయంలోనూ ఇటువంటి వివేచన అవసరం. వరిగడ్డిలో కర్బనంతో పోలిస్తే నత్రజని చాలా తక్కువ. సూక్ష్మజీవులు తమ ప్రోటీను తయారీకి నేలలోని నత్రజనిని లాక్కొంటాయి. అందువల్ల గడ్డి కలిపిన వెంటనే నాటిన వరి పసుపు బారుతుంది. కలియదున్నే సమయంలో నత్రజని ఎరువు వేయడం ఈ లోటును తీర్చడానికే. ఎంజైములు కూడా ప్రోటీనులే గనుక నత్రజని పూర్తిగా లోపించిన గడ్డిపై ట్రైకోడెర్మా కూడా తగినంత ఎంజైమును తయారుచేయలేదు. అయితే లిగ్నిన్‌పై పనిచేసే కొన్ని శిలీంధ్రాలకు నత్రజని ఎక్కువైతే ఆటంకం. సెల్యులోజ్ త్వరగా కరిగి గడ్డి మెత్తబడడం లక్ష్యమైనప్పుడు నత్రజని మితంగా వేయడం సమంజసం; లిగ్నిన్ తగ్గడమే లక్ష్యమైన కుప్పలలో మొదటే యూరియా ఎక్కువ వేయడం సముచితం కాదు.

వీటన్నింటికీ తేమ, గాలి ముందు షరతులు. ఆరిన గడ్డిపై సంకేత చక్కెరలు కదలవు, శిలీంధ్రం పెరగదు. నిలువ నీటిలో మునిగిన గడ్డికి ప్రాణవాయువు అందదు; ట్రైకోడెర్మా వంటి శిలీంధ్రాల పెరుగుదల, ఆక్సీకరణ ఎంజైముల పని కుంటుపడతాయి. గడ్డి తడిగా ఉండి నీరు నిలువని స్థితియే అనుకూలం.

మొక్కజొన్న కాండంలో చక్కెర కరువు

జగిత్యాల, కోరుట్ల ప్రాంతంలో పసుపుతో పాటు మొక్కజొన్న సాగు కూడా ఉన్నది. మొక్కజొన్నలో పూత తరువాత వచ్చే కాండం కుళ్లుకు మాక్రోఫోమినా ఫేసియోలినా, ఫ్యుజేరియం జాతులు ముఖ్య కారకాలు. పూతకు ముందు ఆరోగ్యంగా కనిపించిన పైరు గింజ నిండే దశలో హఠాత్తుగా ఎండి, కాండం బెండువలె మారి పడిపోతుంది. హార్స్‌ఫాల్, డైమండ్ అనే శాస్త్రవేత్తలు 1957లో మొక్కల తెగుళ్లను అధిక చక్కెర తెగుళ్లు, అల్ప చక్కెర తెగుళ్లు అని విభజించారు. కణజాలంలో చక్కెర తగ్గినప్పుడు విజృంభించే రెండవ వర్గానికి కాండం కుళ్లు ఒక ఉదాహరణగా నిలిచింది.

దీనికి ఒక వివరణ చక్కెర నిగ్రహంలో ఉన్నది. ఉల్లిలో గులాబీ వేరుకుళ్లు కలిగించే శిలీంధ్రంలో చక్కెరలు పెక్టిన్, సెల్యులోజ్ ఎంజైముల తయారీని అణచివేస్తాయని 1966లోను, టమాట ఎండు తెగులు శిలీంధ్రంలో అటువంటిదే 1968లోను ప్రచురితమైంది. కాండంలో చక్కెర నిండుగా ఉన్నంతకాలం లోపల దాగిన శిలీంధ్రపు ఎంజైమ్ జన్యువులు అణగి ఉండవచ్చు. గింజ నిండే దశలో కండె ఆ చక్కెరను లాగివేస్తుంది. అదే సమయంలో బెట్ట వచ్చినా, ఆకులు దెబ్బతిన్నా, మొక్కల సాంద్రత మితిమీరినా కిరణజన్య సంయోగక్రియ తగ్గి కాండం మరింత వట్టిపోతుంది. అప్పుడు శిలీంధ్రంపై నిగ్రహం సడలుతుంది. మొక్క రక్షణ శక్తి కూడా అదే సమయంలో తగ్గుతుంది. ఈ రెండింటిలో ఏది ఎంత అన్నది ప్రతి సందర్భంలోనూ వేరుగా ఉంటుంది.

మొక్కజొన్నపైనే వచ్చే కాక్లియోబోలస్ కార్బోనమ్ అనే ఆకుమచ్చ శిలీంధ్రంలో ఎస్ఎన్ఎఫ్-1 జన్యువును తొలగించగా కణకవచ ఎంజైములు అనేకం తగ్గి, తెగులు తీవ్రత కూడా తగ్గిందని 2000లో వెల్లడైంది. అదే శిలీంధ్రంలో ఒక్కొక్క ఎంజైమ్ జన్యువునే విడిగా తొలగించినప్పుడు తెగులు తీవ్రత సాధారణంగా మారలేదు. ఎంజైములు ఒకదాని లోటును మరొకటి పూడ్చగలవు. కాని అన్నింటినీ నడిపే స్విచ్‌కు ప్రత్యామ్నాయం దొరకదు. పూత, గింజ నిండే దశలలో నీటి ఎద్దడి రాకుండా తడి ఇవ్వడం, పొటాష్ లోపం లేకుండా చూడడం, సాంద్రతను మితంగా ఉంచడం వంటి సిఫారసులకు ఈ వివరణ శాస్త్రీయ బలాన్ని ఇస్తుంది.

పశువు కడుపులోని శిలీంధ్రాలు

వరిగడ్డి పొలంలో కుళ్లడమే గాక పశువు మేతగానూ ఉపయోగపడుతుంది. కోరుట్లలోని పశువైద్య కళాశాల విద్యార్థులకు ఈ అంశం సన్నిహితమైనది. నెమరువేసే పశువుల మొదటి కడుపులో ప్రాణవాయువు లేకుండా జీవించే శిలీంధ్రాలు ఉంటాయని 1975లో కోలిన్ ఆర్పిన్ తెలియజేసేవరకు, ఈదుతూ కనిపించే వాటి సిద్ధబీజాలను ప్రోటోజోవా అని భావించేవారు. నియోకాలిమాస్టిక్స్ వంటి ఈ శిలీంధ్రాలు వేళ్లవంటి తంతువులతో గడ్డి ముక్కలలోనికి చొచ్చుకొనిపోయి, అనేక ఎంజైములను ఒకే కూటమిగా చేర్చి ప్రయోగిస్తాయి.

2016లో వెలువడిన ఒక పరిశోధన ఈ శిలీంధ్రాల పెంపకంలో గ్లూకోజ్ కలిపినప్పుడు కణకవచాన్ని కరిగించే జన్యువుల సందేశ ఆర్ఎన్ఎ తగ్గుతుందని చూపించింది. అనగా చక్కెర తాళం ఈ ప్రాచీన వర్గంలోనూ ఉన్నది. గడ్డి మేతతోపాటు మొక్కజొన్న పిండి, తవుడు, మొలాసిస్ ఎక్కువగా పెట్టినప్పుడు పీచు జీర్ణం తగ్గడానికి కడుపులో ఆమ్లత్వం పెరగడం, బాక్టీరియా పోటీ ప్రధాన కారణాలు. వాటికి తోడు శిలీంధ్రాల జన్యు స్థాయిలో నిగ్రహం కూడా ఒక అంశమని ఈ పరిశోధన సూచిస్తున్నది. దాణాను ఒకేసారి ఎక్కువగా కాక విడతలవారీగా పెట్టాలన్న సలహాకు ఇది కూడా అనుకూలమే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా కలిపి మూడు వారాలు మూసి ఉంచే శుద్ధి పద్ధతిలో వెలువడే అమోనియా హెమిసెల్యులోజ్, లిగ్నిన్‌ల మధ్య బంధాలను సడలిస్తుంది. ఆ విధంగా ఎంజైములకు దారి సుగమమవుతుంది. ఇందులో జన్యు నియంత్రణ లేదు, రసాయన చర్య మాత్రమే ఉన్నది. ఈ రెండింటి భేదాన్ని విద్యార్థులు స్పష్టంగా గ్రహించాలి.

ప్రయోగంలో పాటించవలసిన జాగ్రత్తలు

పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, జగిత్యాల వ్యవసాయ కళాశాల, సిరిసిల్లలోని బాబు జగ్జీవన్ రామ్ వ్యవసాయ కళాశాల వంటి చోట్ల విద్యార్థులు ఈ నియంత్రణను స్వల్ప వ్యయంతో పరిశీలించవచ్చు. ఒకే ట్రైకోడెర్మా రకాన్ని నాలుగు ద్రావణాలలో పెంచాలి: గ్లూకోజ్ మాత్రమే, వరిగడ్డి పొడి మాత్రమే, వరిగడ్డి పొడితోపాటు గ్లూకోజ్, కర్బన ఆధారం లేనిది. మూడవదానిలో ఎంజైమ్ ఆలస్యంగా కనిపిస్తే అది నిగ్రహానికి నిదర్శనం. రోజూ నమూనా తీసి చూడాలి. ఒక్కరోజు కొలతతో ఆలస్యం కనబడదు.

సెల్యులేజ్ మొత్తం శక్తిని కొలవడానికి సాధారణంగా వాట్‌మన్ నంబర్ 1 వడపోత కాగితపు 1 × 6 సెంటీమీటర్ల ముక్కను, అనగా సుమారు 50 మిల్లీగ్రాముల కాగితాన్ని, 50 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు ఎంజైమ్ ద్రావణంలో ఉంచి, వెలువడిన చక్కెరను డిఎన్ఎస్ పద్ధతిలో కొలుస్తారు. ఈ పద్ధతి క్షయకరణ చక్కెరలన్నింటినీ లెక్కిస్తుంది; అవి సెల్యులోజ్ నుండి వచ్చినవా, ద్రావణంలో ముందే ఉన్నవా అన్నది అది చెప్పదు. బెల్లంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కొంత మేరకు ఉంటాయి గనుక, బెల్లం ద్రావణంలో పెరిగిన శిలీంధ్రాన్ని నేరుగా కొలిస్తే లేని ఎంజైమ్ ఉన్నట్లు కనిపిస్తుంది. కాగితం లేకుండా ఎంజైమ్ ద్రావణం ఒక్కటే ఉంచిన పోలిక గొట్టం తప్పనిసరి.

పొలం ప్రదర్శనలలో కూడా మూడు మళ్లు అవసరం: ద్రావణం చల్లినది, ద్రావణం లేకుండా అంతే తేమ, అంతే నత్రజని ఇచ్చినది, ఏమీ చేయనిది. రెండవ మడి లేకపోతే తడి, యూరియా వల్ల వచ్చిన ఫలితం ద్రావణం ఖాతాలోకి చేరుతుంది. నేలలో సహజంగా ఉన్న శిలీంధ్రాలకు కూడా ఇవే జన్యువులు, ఇవే తాళాలు ఉన్నాయి. అనుకూల స్థితి కల్పిస్తే అవి కూడా పనిచేస్తాయి.

ముగింపు

గడ్డిని కరిగించే ఎంజైములు శిలీంధ్రంలో ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండే సరుకు కాదు. కరగని ఆహారం నుండి అందే స్వల్ప సంకేతంతో అవి మేల్కొంటాయి. చేతికి అందిన చక్కెరతో అణగిపోతాయి. నత్రజని, ఆమ్లత్వం, వెలుతురు వాటిని పెంచుతాయి లేదా తగ్గిస్తాయి. ఒకే నియమం పొలంలో వరిగడ్డి కుళ్లడాన్ని, మొక్కజొన్న కాండం కుళ్లును, పశువు కడుపులో మేత జీర్ణాన్ని కలుపుతున్నది. మొదటిదానిలో ఆ తాళం త్వరగా ఊడాలి. రెండవదానిలో అది ఊడకుండా కాండంలో చక్కెర నిలవాలి. మూడవదానిలో దాణా, గడ్డి పాళ్లు కుదరాలి. రైతుకు ద్రావణం పొట్లం అందించే విస్తరణ శాస్త్రవేత్త దానితోపాటు చల్లే సమయం, పొలంలో తేమ, అదనపు బెల్లం వద్దన్న హెచ్చరిక, మితమైన నత్రజని కూడా సిఫారసులో చేర్చినప్పుడే పొట్లంలోని శిలీంధ్రం తన పని చేయగలుగుతుంది.